ఆగస్టులో చూడవలసిన పచ్చికబయలు

బెల్మీరో బూట్లకు పట్టిన మట్టి గోకడానికి నా దగ్గర ఒక పాత చెంచా ఉంది. కత్తితో గోకితే తోలు తెగుతుంది, పుల్లతో గోకితే కుట్ల మధ్య మట్టి అలాగే ఉండిపోతుంది. అంచు అరిగిన చెంచా అయితేనే సరి. ఇరవై ఎనిమిదేళ్లుగా గోకుతున్నాను. రాలిన మట్టిని ఊరికే పారబోయను. రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాను, ఇసుక పాలెంత, బంక పాలెంత, ఎరువు మొహం చూసి ఎన్నేళ్లయింది అని. "బూట్లు తుడవమంటే మట్టితో ఆడతావేంటే, పసిపిల్లవా?" అంటాడు ఆయన పొయ్యి పక్కన కూర్చుని. అంటూనే చెవి ఇటు పడేసి ఉంచుతాడు, నేను ఏమైనా గొణుగుతానేమోనని.

మా ఆయన మదింపు పెద్ద. మా వాలె దె ఫ్రెషులోనూ చుట్టుపక్కల ఆరేడు ఊళ్లలోనూ ఎవరైనా కన్నుమూసి, పిల్లలు ఆస్తి పంచుకోవాలంటే భూమికి ధర కట్టే మనిషి కావాలి కదా. పట్నం నుంచి ఇంజనీరును పిలిస్తే కారు దిగి, ఫోటో తీసుకుని, కారెక్కి పోతాడు. అందుకే మావాళ్లకు ఇంకా ఊరి పెద్దే కావాలి. దానికి చదువు అక్కర్లేదు, నలుగురి నమ్మకం చాలు. హద్దులన్నీ తిరిగి, చివరి రాయి దగ్గర నిలబడి ఆయన ధర చెబుతాడు. ఆ ధరలను బట్టి ఆస్తిని సమానమైన వాటాలు చేసి, చీట్లు రాసి టోపీలో వేస్తారు. ఎవరి చెయ్యి ఏది తీస్తే అది వారిది, ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు. మా మామగారు, ఆయన పేరు ఎవరిస్తో, నలభై ఏళ్లు ఆ పని చేశాడు. ఆయన పోయాక ఆయన కోటూ, ఆయన పనీ కలిపి బెల్మీరోకు వచ్చాయి. కోటు కాస్త వదులైంది. పని కూడా.

నేను సంచి మోసేదాన్ని. ఆయన కడుపుకు పరాయి వంట పడదని ఊళ్లో చెప్పుకున్నాం. అందుకని రొట్టె, ఉడికించిన గుడ్లు, ఇంట్లో పొగపెట్టిన సాసేజి ముక్కా సంచిలో వేసుకుని నేను వెనక నడిచేదాన్ని. మధ్యలో ఎక్కడో ఆయన బూటు లేసు ఊడేది. మిగతావాళ్లు ముందుకు పోతుంటే ఆయన ఆగి వంగేవాడు, నేను సంచి దించి పక్కన నిలబడేదాన్ని. "ఏమంటావ్?" అనేవాడు నేల చూపులు చూస్తూ. "ఉత్తరం మూల మంచు మే దాకా కరగదు, అక్కడ బంగాళాదుంప రాదు. దానికి తగ్గించి చెప్పు," అనేదాన్ని ఆకాశం చూస్తూ. ఎంతకు తగ్గించాలో కూడా చెప్పేదాన్ని. లేసు బిగిసేది. చివరి రాయి దగ్గర గొంతు సవరించుకుని, "ఉత్తరం మూల మంచుందయ్యా..." అని ఆయన మొదలుపెడితే అందరూ తలలూపేవారు. బెల్మీరో కన్ను డేగ కన్ను అనేవారు. డేగ గారికి అటు పక్క నుంచి ఎండ వస్తే నా మొహమే కనిపించదు, కళ్లజోడు పెట్టుకోమంటే వినడు.

నాకెలా తెలుసంటారా. నాలుగో తరగతి అయిపోయిన మర్నాడే మా నాన్న నా చేతికి కర్ర ఇచ్చి, పదకొండు ఆవుల్ని ముందు పెట్టాడు. పదేళ్లు తోలాను. ఏ బయలులో గడ్డి తియ్యగా ఉంటుందో ఆవు చెబుతుంది, ఎక్కడ కాలు పెట్టనని మొరాయిస్తే అక్కడ కింద నీళ్లు నిలిచి ఉన్నాయని తెలుస్తుంది. వానొస్తే ఏ గోడ వెనక దాక్కోవాలో, ఏ ఊట జూలైలో చస్తుందో, ఏ ఊట చస్తున్నట్టు నటించి మళ్లీ లేస్తుందో ఒంటికి తెలిసింది. పెళ్లయి వచ్చాక కూడా దారిన పోతూ వంగి మట్టి తీసేదాన్ని. మా అత్తగారు చూసి, "మట్టి చూసే ఆడదాని ఇంట్లో కుండ మాడుతుంది," అనేది. మాడింది కూడా, ఒకటి రెండుసార్లు. నిజం చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

మదింపు రోజున ఆయనకు ఒక రోజు కూలి డబ్బు, నాకు ఆ ఇంటి వంటగదిలో ఒక ముక్కాలిపీట. మగవాళ్లు ముందుగదిలో వైను తాగుతూ ఆయన మాట వింటుంటే, నేను ఆడవాళ్లతో కలిసి గిన్నెలు తుడిచేదాన్ని. వాళ్లింటి గిన్నెలే సుమా. అక్కడ నాకు ఇంకా నాలుగు సంగతులు తెలిసేవి, ఏ పొలానికి ఎవరి బండిదారి హక్కు ఉందో, ఏ చెస్ట్‌నట్ చెట్టు ఎవరి నేలలో ఉన్నా కాయలు ఎవరివో. సాయంత్రం ఇంటికొచ్చాక మోకాళ్లకు నూనె రాసుకుంటూ అనుకునేదాన్ని, ఈ పని నాదే కదా, ఒక్కసారైనా ఆ చివరి రాయి దగ్గర నా నోటితో చెబితే ఎలా ఉంటుందో అని. అనుకుని, లేచి సూపు పెట్టేదాన్ని. అలసట ఒక మంచి మూత. ఏ గిన్నె మీదైనా సరిపోతుంది.

ఇక ఈ ఏడాది మార్చి సంగతి. మా అమ్మాయి గ్రాసాకు రెండో కాన్పు, బ్రగాన్సా పట్నంలో. మూడు వారాలు ఉండి వచ్చాను. పసిదాని గుడ్డలు, పెద్దవాడి మారాము, అల్లుడి చొక్కాలు. "అమ్మా, నువ్వు వచ్చావు గనక బతికాను," అంది గ్రాసా. అందరూ నేను రావడం వల్లే బతుకుతుంటారు, అదేమిటో. ఆ మూడు వారాల్లోనే మా ఊళ్లో ఫెలిస్మినా వాళ్ల పంపకం జరిగింది. ఫెలిస్మినా పెళ్లి చేసుకోలేదు. మంచంపట్టిన తల్లిని పదకొండేళ్లు చూసింది. ఆవిడ పోయాక వారసులు ఇద్దరే, తనూ, పదిహేడో ఏట ఫ్రాన్సుకు పోయిన తమ్ముడు అకాసియో. బెల్మీరో ఒక్కడే వెళ్లి ధర కట్టాడు. ఒక చీటీలో ఇల్లు, ద్రాక్షతోట, కూలిపోయిన నీటిమర. రెండో చీటీలో పశువుల కొట్టం, మర కింద ఉన్న పచ్చికబయలు. బయలు మీద ఎంతో పెద్ద ధర పడింది గనక రెండు చీట్లూ సమానమయ్యాయి. ఫెలిస్మినా చెయ్యి రెండోది తీసింది. నేను వచ్చాక "ఎలా జరిగింది?" అని అడిగితే, "బ్రహ్మాండంగా. ఎవరూ కిక్కురుమనలేదు," అన్నాడు. నేనూ నిద్ర ముంచుకొస్తుంటే అంతకంటే తవ్వలేదు. అది నా తప్పు.

జూలై మూడో వారంలో వంటింటి గుమ్మం దగ్గర నీడ పడింది. ఫెలిస్మినా. ఆప్రాను మడతలో గుడ్లు.

"అక్కా, చేతిలో పని ఉందా?"

"ఎప్పుడు లేదులే. రా, కూర్చో."

కూర్చోలేదు. "నా బయలు ఎండిపోయిందక్కా. రెండో కోత లేదు. మూడు ఆవులకు చలికాలం గడ్డి ఎక్కడి నుంచి తేవాలి? బేరగాడు వచ్చి పళ్లు చూసి పోయాడు, ఆవుల పళ్లు. నావి చూడలేదు, అదొక్కటే తక్కువ."

"బుధవారం నీళ్లు వదల్లేదా?"

"అవి మరవట. మర అకాసియో చీటీలో పోయింది కదా. వాడు ఆ నీటి వంతును పక్క వాల్‌నట్ తోటవాడికి ఇచ్చేశాడు. అమ్మ ఉన్నప్పుడు మరా మాదే, బయలూ మాదే, నీళ్లు ఎటు పారినా ఒక్క ఇంటివే. అవి రెండూ వేరని నాకు తట్టనే లేదు. మదింపు పెద్దకు తెలిసే ఉంటుందనుకున్నా."

నా చేతిలో క్యాబేజీ ఆకు ఉంది, దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. పదేళ్ల వయసులో నేను తోలే ఆవు ఆ బయలులో దిగితే, మర తిప్పే ముసలాయన గట్టు మీద నుంచి కర్ర ఊపుతూ అరిచేవాడు, మర తిరిగినా తిరగకపోయినా బుధవారం నీళ్లు నా మరవేనని. మాకు నీటి వంతులు జూన్‌లో సెయింట్ జాన్ పండుగకు మొదలై సెప్టెంబరు చివరి దాకా ఉంటాయి. మిగతా కాలమంతా నీళ్లు ఊరందరివీ, ఎటు కావాలంటే అటు పారతాయి. మార్చిలో ఏ బయలైనా పచ్చగానే ఉంటుంది, బండరాయి మీద కూడా గడ్డి మొలిచి నవ్వుతుంది. బయలును ఆగస్టులో చూడాలి. లేదా ఆగస్టులో చూసినవాళ్లను అడగాలి. బెల్మీరో మార్చిలో చూశాడు, ఎవర్నీ అడగలేదు. అడగడానికి నేను లేను.

"మీ తమ్ముడితో మాట్లాడావా?"

"చీటీది అదృష్టం, నాదేం లేదక్కా అంటాడు. ఆగస్టులో వచ్చి, ఇరవై ఎనిమిదిన రిజిస్ట్రేషన్ చేసేసి పోతాడట. సంతకం పడకముందు మళ్లీ మదింపు అడగొచ్చని పంచాయతీ ఆఫీసులో చెప్పారు. నా తరఫున ఒక మనిషిని పెట్టుకోవాలి." గుడ్లు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ నా వైపు చూడకుండా అంది, "నిన్ను పెట్టుకుంటానక్కా."

నవ్వొచ్చింది నాకు. "పిచ్చిదానా, మదింపు చేసేది నేను కాదు, మా ఆయన."

"ఆ రోజు నువ్వు లేవు," అంది ఫెలిస్మినా. "నేను వెనకే నడిచాను. చివరి రాయి దాకా మీ ఆయన లేసు ఒక్కసారైనా ఊడలేదు."

గుడ్లు పెట్టేసి ఆప్రాను దులుపుకుంది. ఎన్నాళ్లుగా తెలుసు నీకు అని అడిగాను. "ఆడవాళ్లందరికీ తెలుసు," అంది. "మగవాళ్ల సంగతి నాకు తెలియదు. వాళ్లు ముందు నడుస్తారు కదా."

ఫెలిస్మినా వెళ్లాక వంటింటి పీట మీద కూర్చున్నాను. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఇరవై ఎనిమిదేళ్లు దాచానని నేననుకున్నది నలుగురూ చూస్తూనే ఉన్నారు. చూసి ఊరుకున్నారు. నేను గిన్నెలు తుడుస్తుంటే పక్కన నిలబడి తుడిచారు, ఆ ధర నాదని తెలిసి కూడా, ఒక్కరైనా బాగా చెప్పావమ్మా అనలేదు. అంటే నేనే కాదనేదాన్నేమో. అదీ నిజమే.

మధ్యాహ్నం భోజనం దగ్గర బెల్మీరోకు చెప్పాను. చెంచా ఆగలేదు.

"చీటీ తీశాక చీటీయే దేవుడు," అన్నాడు.

"దేవుడు మార్చి గడ్డి చూసి మోసపోడయ్యా."

చెంచా ఆగింది. "అయితే ఊరి ముందు నిలబడి ఏం చెప్పమంటావే? మా ఆవిడ మనవరాలి గుడ్డలుతకడానికి పోయింది, అందుకని నాకు కళ్లు కనపడలేదని చెప్పనా?"

"చెప్పు. అబద్ధం కాదు కదా."

మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, అరుపులు నాకు అలవాటే, ఒక చెవిలోంచి వచ్చి వంటింటి కిటికీలోంచి పోతాయి. ఆయన గొంతు తగ్గించాడు. "ఒప్పయితే నీది. తప్పయితేనో? ఫ్రాద్రె వాళ్ల ద్రాక్షతోట ధర ఎవరు చెప్పారు? నేనా? తీగల వేళ్లకు తెగులుందని నువ్వు చూడలేదు. మూడేళ్లలో తోటంతా ఎండింది. చర్చి గుమ్మంలో వాళ్ల పెద్దాడు అందరి ముందూ ఉమ్మింది ఎవరి మొహాన? చెప్పు దియోలిందా, నీ మొహానా?"

అది అక్షరాలా నిజం. ఆ తోట ధర నాది. ఆ తప్పూ నాదే. ఆ రోజు ఆయన జేబురుమాలుతో మొహం తుడుచుకుని, ఏమీ జరగనట్టు చర్చి లోపలికి వచ్చి నా ముందు వరుసలో కూర్చున్నాడు. ఒక్కసారి కూడా, అదిగో నీ వల్లే అనలేదు, ఈ రోజు దాకా. నేను ఆ ఆదివారం ఇంటికొచ్చి కోడిని వండి, హాయిగా నిద్రపోయాను. పేరంతా ఆయనే తీసుకున్నాడని ఇన్నేళ్లు లోలోపల కుమిలాను గానీ, దెబ్బలు కూడా ఆయన దగ్గరే ఉన్నాయని ఎప్పుడూ అనుకోలేదు. సంచి మోసే మనిషికి అదో సుఖం. సంచిలో రొట్టె బరువే ఉంటుంది.

వారం రోజులు ఆలోచించాను. ఆలోచించాను అంటే కూర్చుని కాదు, బట్టలు ఆరేస్తూ, కోళ్లకు గింజలు వేస్తూ, ఆయన మాత్రలు డబ్బాలో వారాలవారీగా సర్దుతూ. అరవై నాలుగేళ్లు. ఇప్పుడు నాకెందుకు ఈ పని అని ఒక మనసు. కూలి డబ్బుకోసమా, కాదు. ఊళ్లో పేరుకోసమా, ఈ వయసులో పేరు సమాధి రాయి మీద ఎలాగూ రాస్తారు. కానీ ఆ ద్రాక్షతోట మాట నన్ను వదల్లేదు. తప్పు చేసి కూడా ఎవరికీ జవాబు చెప్పుకోనవసరం లేకుండా బతికాను, దాన్ని పని అంటారా? నాకు పని కావాలి అనుకున్నాను. ఉమ్ముతో సహా. ఎనిమిదో రోజు ఫెలిస్మినా ఇంటికి వెళ్లి, "నన్నే పెట్టుకో," అన్నాను.

పంచాయతీ ఆఫీసులో గుమాస్తా పిల్ల పుస్తకమంతా తిరగేసింది, మదింపు మనిషి మగవాడే అయి ఉండాలని ఎక్కడైనా రాసుందేమోనని. రాయలేదు. ఎవరికీ అది రాయాలనే తట్టలేదు కాబోలు. వృత్తి అన్నచోట అడక్కుండానే గృహిణి అని రాసేసింది. కలంతో పోట్లాడే ఓపిక నాకు లేదు, ఊరుకున్నాను. అప్పటికే ఫ్రాన్సు నుంచి దిగిన అకాసియో తన తరఫున బెల్మీరోనే పెట్టుకున్నాడు. "మొగుడూ పెళ్లాలు రెండు వైపులా! ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు దియోలిందక్కా?" అన్నాడు నవ్వుతూ. మూడో మనిషిగా పక్క ఊరి విర్జిలియో ముసలాయన్ను పంచాయతీవాళ్లు పిలిచారు. ఎనభై దాటాయి, మా మామగారి దగ్గర పని నేర్చిన మనిషి. ముగ్గురి మాటల్లో ఏ రెండు దగ్గరగా ఉంటే ఆ రెంటి సగటే ఖాయం, దాన్నిబట్టి వాటాలు సరిచేయాలి.

ఆగస్టు ఇరవై, ఉదయం పదకొండు. ఆ రోజు పొద్దున ఇద్దరం ఒకే కాఫీ గిన్నెలోంచి పోసుకుని, మాట లేకుండా తాగి, వేర్వేరు దారుల్లో బయలుకు వెళ్లాం. నా చేతుల్లో సంచి లేదు. చేతులు ఏం చేయాలో వాటికి తెలియలేదు, ఆప్రాను జేబులో పెట్టుకున్నాను. మోకాలు నొప్పి వల్ల అందరికంటే వెనకబడ్డాను గానీ, ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు, నేను వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కాళ్ల కింద గడ్డి బిస్కెట్టులా విరుగుతోంది. విర్జిలియోను బోదె పైకి తీసుకెళ్లి, నీళ్లను మర వైపు తిప్పే అడ్డుపలక చూపించాను. బయలు వైపు ఎన్నడూ పలక లేదు, చేత్తో మట్టి తీసి దారి చేసుకున్నదే. ముసలాయన వంగి, అరచెయ్యి బోదెలో పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. పొడి దుమ్ము. "మా గురువు ఎవరిస్తో కూడా ఇలాగే చెయ్యి పెట్టించేవాడు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

చివరి రాయి దగ్గర నిలబడ్డాం. ఆనవాయితీ ప్రకారం మొదట ధర కట్టిన మనిషే మొదట చెప్పాలి. బెల్మీరో టోపీ తీశాడు. నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు తెలుసు. ఇన్నేళ్లలో నేల వైపు చూస్తూ అడిగిన మాటే, ఈసారి కళ్లతో అడుగుతున్నాడు. ఏమంటావ్ అని. నేను మూడు వేళ్లు కదిపితే చాలు. ఆయన గొంతు సవరించుకుని, అయ్యా, మార్చిలో నేను పొరబడ్డాను, నీళ్లు లేని బయలు మూడు వేల యూరోలకు మించదు అని చెబుతాడు. పెద్దమనిషి తన తప్పు తానే దిద్దుకున్నాడని ఊరు మెచ్చుకుంటుంది. ఫెలిస్మినా ఆవులు నిలుస్తాయి. సాయంత్రం మా ఇంట్లో మాటలుంటాయి. అందరికీ మంచిదే. ఒక్క నాకు తప్ప, అంటే లెక్కలోకి రాని మనిషికి తప్ప. నేను వేళ్లు కదపకపోతే ఫెలిస్మినా ఆవుల్ని కూడా నా పంతం మీద పెట్టినట్టే, ఆ పాపం కూడా నాకు తెలుసు. ఎంత అలిసిపోయానంటే, ఆ మూడు వేళ్లు కదపడమే సుళువు. నిజంగా సుళువు.

మొహం బోదె వైపు తిప్పుకున్నాను.

ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత గట్టిగా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు, "తొమ్మిది వేలు. మార్చిలో చెప్పిందే," అన్నాడు.

"మూడు," అన్నాను. గొంతు కీచుగా వచ్చింది, దగ్గి మళ్లీ చెప్పాను. "మూడు వేలు. నీళ్లు లేవు. సెయింట్ జాన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా దీని మీద ఒక్క చుక్కకైనా హక్కు లేదు. ఒక్క కోత గడ్డి, అది కూడా మంచి ఏడాదిలో. కింద మూల బంక నేల, పగుళ్లు చూడండి, నా చెయ్యి దూరుతుంది. బుధవారం వంతు దీనికి రాసిస్తే తొమ్మిదే సరైన ధర. రాయకపోతే మూడు."

విర్జిలియో కర్ర మీద గడ్డం ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం. "మూడున్నర," అన్నాడు చివరికి. "ఆ అర నా ముసలితనానికి."

ఫెలిస్మినా ఏడవలేదు, ముక్కు చీదింది. అకాసియో మొహంలో నవ్వు పోయింది. ఇప్పుడు నీటి వంతైనా వదలాలి, ద్రాక్షతోటలో ఒక ముక్కైనా రాసివ్వాలి. బెల్మీరోను దాటుకుని నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "బాగుంది దియోలిందక్కా. రేపు వానలు పడి ఈ బయలు మళ్లీ పచ్చగా లేచిందనుకో, నీ ధర తప్పని తేలిందనుకో, అప్పుడు ఎవర్ని అడగాలి నేను? ఎవరి తలుపు కొట్టాలి? బెల్మీరో బావ తలుపేనా?"

బెల్మీరో నోరు తెరిచాడు. నేను ముందే చెప్పాను.

"తలుపు అదే, అకాసియో. కొట్టి, నా పేరు పెట్టి పిలువు."